కనిపించని కందిరీగ: ట్రైగొనాలిడ్‌ల వింత జీవితం

‘భ్రమరకీట న్యాయం’ అనే మాట మీరు పెద్దవాళ్ల నోట ఎప్పుడైనా విన్నారా? తుమ్మెద ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి, దాని చుట్టూ ఝుమ్మని రొద చేస్తుందట. ఆ రొద వింటూ, తుమ్మెదనే తలచుకుంటూ ఆ పురుగు కూడా చివరికి తుమ్మెదగా మారిపోతుందట. దేన్ని ఎడతెగకుండా తలచుకుంటే అదే అవుతాం అని చెప్పడానికి మన పూర్వులు ఈ ఉదాహరణ వాడారు.

నీతి సంగతి అలా ఉంచితే, ఇందులోని పరిశీలన సగం నిజం. గోడ మూలల్లో, కిటికీల పక్కన మట్టిగూడు కట్టేది తుమ్మెద కాదు, ఒక రకం కందిరీగ. అది గూట్లో గుడ్డు పెడుతుంది. గొంగళిపురుగును కుట్టి కదలకుండా చేసి తెచ్చి అందులో పెడుతుంది. తరవాత మూత మూసేసి వెళ్లిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలు వచ్చాక గూటికి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. లోపలికి పురుగు వెళ్లడం, లోపలినుంచి కందిరీగ రావడం మాత్రమే చూసినవాళ్లకు పురుగే కందిరీగ అయినట్టు తోచింది. మధ్యలో జరిగినదంతా గూటి చీకట్లో జరిగింది కదా!

ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే కందిరీగల కథ కూడా ఇలా లోపలే నడుస్తుంది. అయితే ఇక్కడ ఒక గూడు కాదు, ఒకదానిలో ఒకటిగా రెండు ప్రాణుల శరీరాలు ఉంటాయి. ఈ కుటుంబం పేరు ట్రైగొనాలిడే. ఇందులోని కందిరీగలను ట్రైగొనాలిడ్‌లు అంటారు. కీటకాల మీద పరిశోధన చేసేవాళ్లకు కూడా ఇవి అరుదుగానే కనిపిస్తాయి.

కందిరీగ అంటే ఒక్కటే కాదు

కందిరీగను హిందీలో తతైయా, బెంగాలీలో బోల్తా, తమిళంలో కుళవి, కన్నడంలో కణజ అంటారు. మీరు ఏ రాష్ట్రంలో చదువుతున్నా, ఆ మాట వినగానే సన్నని నడుము, పసుపు చారలు, కుడితే భరించలేని మంట గుర్తుకు వస్తాయి. కానీ కందిరీగలన్నీ అలాంటివి కావు.

చీమలు, తేనెటీగలు, కందిరీగలు అన్నీ హైమెనోప్టెరా అనే ఒకే వర్గానికి చెందినవి. ఈ వర్గంలో ఇప్పటికి 1,50,000 కు పైగా జాతులకు శాస్త్రవేత్తలు పేర్లు పెట్టారు. గుంపుగా గూడు కట్టుకుని, దగ్గరికి వెళ్తే వెంటపడి కుట్టే కందిరీగలు వీటిలో చాలా కొద్ది. మిగిలిన కందిరీగల్లో ఎక్కువ భాగం ఒంటరిగా తిరుగుతాయి, మనిషి జోలికి రావు. వాటి పని వేరు. తమ పిల్లలకు ఆహారంగా ఇంకో కీటకాన్ని వెతికి పెట్టడమే ఆ పని.

ఒక సంగతి గుర్తుంచుకోండి. కందిరీగల్లో కుట్టేవి ఆడవి మాత్రమే. ఎందుకంటే కొండి నిజానికి గుడ్లు పెట్టే అవయవమే. కొన్ని జాతుల్లో అది విషపు సూదిగా మారింది. మిగతావాటిలో ఇప్పటికీ గుడ్లు పెట్టడానికే పనికొస్తోంది.

పేను, కందిరీగ: తేడా ఏమిటి?

ఇతర ప్రాణుల మీద ఆధారపడి బతికే జీవిని పరాన్నజీవి అంటామని మీరు చదువుకున్నారు. పర అన్నం, అంటే ఇతరుల తిండి మీద బతికేది. పరాన్నజీవికి ఆశ్రయం ఇచ్చే ప్రాణిని ఆతిథేయి అంటారు. తలలో పేను పరాన్నజీవి, మనం ఆతిథేయి. పేను మన రక్తం తాగుతుంది, కానీ మనల్ని చంపదు. మనం చనిపోతే దానికే నష్టం.

పరాన్నజీవి కందిరీగలు అలా కాదు. వాటి పిల్ల ఆతిథేయి శరీరంలోనో, శరీరం మీదో పెరిగి, చివరికి ఆతిథేయిని తప్పకుండా చంపుతుంది. అయితే వెంటనే చంపదు. తాను పెరగడం పూర్తయ్యేవరకూ ఆతిథేయి బతికి, తిని, పెరగాలి. అందుకే పిల్ల మొదట ప్రాణానికి ముప్పు లేని భాగాలను తింటుంది, ముఖ్యమైన అవయవాల జోలికి చివర్లో వెళుతుంది.

తెలంగాణ పల్లెల్లో ఆముదం పండించే రైతులకు దాసరి పురుగు బాగా తెలుసు. ఆకులను జల్లెడలా చేసి తినేస్తుంది. ఆముదం చేలో కాసేపు తిరిగితే కొన్ని దాసరి పురుగుల వెనక భాగాన, పొట్ట కింద ఒక చిన్న గూడు అతుక్కుని కనిపిస్తుంది. అది మైక్రోప్లిటిస్ అనే చిన్న కందిరీగ పిల్ల అల్లుకున్న పట్టుగూడు. ఆ పిల్ల దాసరి పురుగు లోపల పెరిగి, బయటికి వచ్చి, దాని ఒంటికే గూడు కట్టుకుంది. ఆ పురుగు ఇక చిలుక కాలేదు.

రైతుకు మేలు చేసే ఇలాంటి పరాన్నజీవులను వ్యవసాయ పత్రికల్లో బదనికలు అని కూడా రాస్తారు. చెరకు, వరి పైర్లలో కాండం తొలిచే పురుగుల కోసం వాడే ట్రైకోగ్రామా కార్డులు ఈ కోవకే చెందుతాయి. ట్రైకోగ్రామా చీమ తలకన్నా చిన్న కందిరీగ. అది పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టకముందే దాని కథ ముగుస్తుంది.

ఇప్పటివరకూ చెప్పుకున్నవి రెండు మెట్ల కథలు. ఆకును పురుగు తింటుంది, పురుగును కందిరీగ పిల్ల తింటుంది. ట్రైగొనాలిడ్ కథకు ఇంకో మెట్టు ఉంది.

చూడడానికి ఎలా ఉంటుంది?

ట్రైగొనాలిడ్ పొడవు సాధారణంగా ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కొన్ని జాతులు నల్లగా, కొన్ని గోధుమ రంగులో, కొన్ని నలుపు మీద పసుపు మచ్చలతో ఉంటాయి. తొలిచూపులో మామూలు కుట్టే కందిరీగ లాగానే అనిపిస్తుంది. తేడా తెలియాలంటే మూడు గుర్తులు చూడాలి.

మొదటిది, తల మీది స్పర్శశృంగాలు, అంటే మనం మీసాలు అనుకునేవి. గూడు కట్టే మామూలు కందిరీగలో ఆడదానికి 12, మగదానికి 13 కణుపులు ఉంటాయి. ట్రైగొనాలిడ్ మీసాలు పొడవుగా, దారంలా సన్నగా ఉంటాయి. చాలా జాతుల్లో వాటికి 20 కి పైగా కణుపులు ఉంటాయి.

రెండోది, దవడలు. ఇవి పెద్దవి, బలమైనవి, పైగా రెండూ ఒకేలా ఉండవు. చాలా జాతుల్లో ఎడమ దవడకు 3 పళ్లు, కుడి దవడకు 4 పళ్లు ఉంటాయి. ఈ దవడలతో ఏం పనో ముందు ముందు తెలుస్తుంది.

మూడోది, పొట్ట చివర. పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే కొన్ని కందిరీగలకు అక్కడ పొడవైన సూది లాంటి గొట్టం ఉంటుంది. ట్రైగొనాలిడ్‌కు అలాంటి పొడవైన గొట్టం లేదు. అది మనల్ని కుట్టదు. ఏ పురుగు ఒంట్లోనూ గుడ్డు దించదు. మరి పిల్లలు పురుగు లోపలికి ఎలా చేరతాయి? ఇక్కడే అసలు వింత ఉంది.

మెట్టు మెట్టుగా ఒక జీవితం

ఒకటో మెట్టు: ఆకు. తల్లి ట్రైగొనాలిడ్ ఆకు అంచున కూర్చుని, పొట్ట చివరను ఆకు అడుగుకు వంచి, ఆకు కణజాలంలోకి ఒక గుడ్డును దిగేస్తుంది. కొంచెం జరిగి ఇంకొకటి. తరవాత ఇంకో ఆకు. గుడ్డు మిల్లీమీటరులో దాదాపు పదో వంతు మాత్రమే ఉంటుంది, మామూలు కంటికి ఆనదు. దానికి గట్టి పెంకు ఉంటుంది. కొన్ని జాతుల్లో ఒక్క తల్లి 10,000 వరకు గుడ్లు పెట్టగలదు. పెట్టాక వెనుతిరిగి చూడదు.

ఆ గుడ్లు వాటంతట అవి పొదగవు. ఆకు మీదే ఉండి ఎదురుచూస్తాయి.

రెండో మెట్టు: గొంగళిపురుగు. ఒక గొంగళిపురుగు వచ్చి ఆ ఆకును తింటుంది. ఆకుతో పాటు గుడ్డు కూడా దాని నోట్లోకి వెళుతుంది. పురుగు దవడల మధ్య పెంకు నలగడం, పొట్టలోని జీర్ణరసాలు తగలడం, ఈ రెండూ గుడ్డుకు మేల్కొలుపు. గుడ్డు పగిలి, కంటికి కనిపించనంత చిన్న లార్వా బయటికి వస్తుంది. అది పురుగు పేగు గోడను తొలుచుకుని లోపలి కుహరంలోకి చేరుతుంది. కీటకాల్లో రక్తం నాళాల్లో కాకుండా ఈ కుహరంలోనే నిండి ఉంటుంది. చిన్న లార్వా అందులో ఉండిపోతుంది.

ఇక పురుగును తిని పెరగడమే తరువాయి అనుకుంటాం. కానీ చాలా జాతుల ట్రైగొనాలిడ్ లార్వా గొంగళిపురుగును తిని పెరగలేదు. అది అక్కడ కూడా ఎదురుచూస్తూనే ఉంటుంది.

మూడో మెట్టు: మరో పరాన్నజీవి. అదే గొంగళిపురుగును ఇంకో పరాన్నజీవి కూడా పట్టాలి. అది ఇక్న్యూమన్ అనే కందిరీగ కావచ్చు, టాకినిడ్ అనే ఈగ కావచ్చు. వాటి పిల్ల అంతకుముందే పురుగులో ఉన్నా సరే, తరవాత వచ్చినా సరే. ఆ పిల్ల పురుగును తింటూ పెరుగుతూ ఉండగా, ట్రైగొనాలిడ్ లార్వా దాన్ని వెతికి పట్టుకుని దాని శరీరంలోకి దూరుతుంది. ఇదే దాని అసలు ఇల్లు.

ఇప్పుడు ఒకసారి ఊహించండి. ఆకును తిన్న పురుగు, పురుగు లోపల ఇక్న్యూమన్ పిల్ల, ఆ పిల్ల లోపల ట్రైగొనాలిడ్ పిల్ల. ఒక పెట్టెలో చిన్న పెట్టె, దానిలో ఇంకా చిన్న పెట్టె అమర్చినట్టు ఉంటుంది.

నాలుగో మెట్టు: గూడు. ఇక్న్యూమన్ పిల్ల పురుగును తినడం ముగించి, బయటికి వచ్చి, తన చుట్టూ పట్టుగూడు అల్లుకుంటుంది. తానిక ప్యూపాగా మారి, రెక్కలతో బయటికి వెళ్లాలన్నది దాని ప్రయత్నం. సరిగ్గా ఇప్పుడు ట్రైగొనాలిడ్ లార్వా వేగంగా పెరగడం మొదలుపెడుతుంది. గూడు అల్లిన ప్రాణిని పూర్తిగా తినేసి, అది అల్లిన గూట్లోనే తాను ప్యూపా అవుతుంది. ఒకే ఇంట్లో రెండు మూడు ట్రైగొనాలిడ్ లార్వాలు ఉంటే అవి పోట్లాడుకుంటాయి. చివరికి ఒక్కటే మిగులుతుంది.

ఐదో మెట్టు: బయటి లోకం. రెక్కలు వచ్చిన ట్రైగొనాలిడ్ ఆ గట్టి గూటిని పళ్లున్న దవడలతో కొరికి కన్నం చేసుకుని ఎగిరిపోతుంది. ఆ పెద్ద దవడల అవసరం ఇప్పుడు అర్థమైంది కదా.

పరాన్నజీవి మీద బతికే పరాన్నజీవిని అధిపరాన్నజీవి అంటారు. అధిపరాన్నజీవులు ఇంకా చాలా ఉన్నాయి. కానీ వాటిలో చాలావరకు ఆతిథేయిని స్వయంగా వెతికి, దాని మీదే గుడ్డు పెడతాయి. ట్రైగొనాలిడ్ తల్లి తన పిల్ల చివరికి తినబోయే ప్రాణిని ఎప్పుడూ చూడదు.

10,000 గుడ్ల లెక్క

ఇంత పొడవైన దారిలో ఎన్ని గుడ్లు గట్టెక్కుతాయి? దీనికి గణితం సాయం తీసుకుందాం.

ఒక చోట ట్రైగొనాలిడ్‌ల సంఖ్య ఏటా పెరగకుండా, తగ్గకుండా ఒకేలా ఉందనుకోండి. అంటే ఒక ఆడ, ఒక మగ చనిపోయేసరికి వాటి స్థానంలో సగటున రెండు పిల్లలు మాత్రమే పెద్దవై ఉండాలి. తల్లి పెట్టినవి 10,000 గుడ్లయితే, 9,998 దారిలో పోయాయన్న మాట. సగటున 5,000 గుడ్లకు ఒక్కటి గట్టెక్కింది.

ఆ 5,000 ఎలా వస్తుందో చూడడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి కొలిచి తీసిన లెక్కలు కావు, అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే.

పది గుడ్లలో ఒకటే గొంగళిపురుగు నోట పడిందనుకుందాం. 10,000 లో 1,000 మిగిలాయి.

గుడ్డు మింగిన ఇరవై పురుగుల్లో ఒకదాన్నే తగిన పరాన్నజీవి పట్టిందనుకుందాం. 1,000 లో 50 మిగిలాయి.

పోట్లాటల్లో, ఇతర ఇబ్బందుల్లో అయిదింటికి ఒకటే నిలిచిందనుకుందాం. 50 లో 10 మిగిలాయి.

గూళ్లను పక్షులు, ఎలుకలు, చీమలు తినగా అయిదింటికి ఒకటే బయటికి ఎగిరిందనుకుందాం. 10 లో 2 మిగిలాయి.

పదో వంతు, ఇరవయ్యో వంతు, అయిదో వంతు, మళ్లీ అయిదో వంతు. వీటిని గుణిస్తే 5,000 లో ఒకటి వస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర అవకాశం మరీ తక్కువగా లేదు. కానీ వరసగా అన్నీ కలిసి రావాలి. అలా కావాలన్నప్పుడు అవకాశాలు కూడవు, గుణించుకుంటాయి. మీ గణిత పాఠంలోని సంభావ్యత ఇదే.

పురుగు ఒంట్లో నేరుగా గుడ్డు పెట్టే కందిరీగకు ఇన్ని గుడ్లతో పనిలేదు. సరైన చోటును వెతకడానికి అది శ్రమ పడుతుంది కాబట్టి తక్కువ గుడ్లు చాలు. ట్రైగొనాలిడ్ వెతకదు, కాబట్టి వేలకు వేలు పెట్టాలి. అన్ని గుడ్లు పట్టాలంటే ఒక్కో గుడ్డు అంత చిన్నగా ఉండక తప్పదు.

మరో రెండు దారులు

ఈ కుటుంబంలో అన్ని జాతులూ ఇదే దారిలో నడవవు. జపాన్‌లో బేరియోగొనాలిస్ అనే ట్రైగొనాలిడ్ పెద్ద కందిరీగల గూళ్లలోంచి బయటికి వస్తుంది. పట్టపగలు కాపలా కాసే ఆ గూట్లోకి అది ఎలా చొరబడింది? చొరబడలేదు, వాటి చేతే మోయించుకుంది. కూలి కందిరీగలు గొంగళిపురుగులను వేటాడి, మాంసాన్ని నమిలి ముద్ద చేసి గూట్లోని పిల్లలకు తినిపిస్తాయి. పురుగు ట్రైగొనాలిడ్ గుడ్డును మింగి ఉంటే ఆ ముద్దతో పాటు శత్రువు కూడా పిల్ల కడుపులోకి చేరుతుంది. ఉత్తర అమెరికాలోనూ ఇదే తీరున బతికే బేరియోగొనాలిస్ జాతి ఒకటి ఉంది.

ఆస్ట్రేలియాలో ఇంకో దారి. అక్కడ టీనియోగొనాలోస్ వెనటోరియా అనే జాతికి మూడో మెట్టు అవసరం లేదు. యూకలిప్టస్ ఆకులు తినే పెర్గా అనే కీటకం పిల్లలు దాని గుడ్లను మింగుతాయి, అది నేరుగా వాటినే తిని పెరుగుతుంది. మొదట ఈ కుటుంబమంతా ఇలా రెండు మెట్లతోనే బతికి, తరవాత మూడో మెట్టు ఎక్కిందా? లేక మూడు మెట్లనుంచి ఈ ఒక్క జాతి కిందికి దిగిందా? ఇలాంటి ప్రశ్నలకు జవాబు కావాలంటే మరిన్ని జాతుల జీవిత కథలు తెలియాలి. వాటిలో చాలావాటి గురించి ఎవరూ ఇంకా రాయలేదు.

ఎందుకు కనిపించవు? ఎలా కనిపించాయి?

ఇక్న్యూమన్ కుటుంబంలో 25,000 కు పైగా జాతులకు పేర్లున్నాయి. ప్రపంచమంతా వెతికితే ట్రైగొనాలిడ్‌లలో తెలిసినవి సుమారు 100 మాత్రమే. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఇవి ఉన్నాయి. మన ఉపఖండంలోనూ ఉన్నాయి. ఎక్కడైనా అరుదే.

19వ శతాబ్దంలో ఆంగ్ల శాస్త్రవేత్త వెస్ట్‌వుడ్, శ్రీలంకలో దొరికిన ఒక ట్రైగొనాలిడ్‌కు పేరు పెట్టాడు. ఆ పేరు చివర థ్వైటిసీ అని ఉంటుంది. క్యాండీ దగ్గరి పేరాదెనియ వృక్షోద్యానాన్ని చాలా ఏళ్లు చూసుకున్న థ్వైట్స్ అనే శాస్త్రవేత్త పేరు అది. ఆ రోజుల్లో ఎండిన కీటకాన్ని మాత్రమే చూసి పేరు పెట్టారు. అది ఎలా పుట్టి ఎలా పెరుగుతుందో ఆ నమూనా చెప్పలేదు. 1929 లో అమెరికా శాస్త్రవేత్త క్లాసెన్ అదే జాతి జీవితం మీద పరిశోధన వ్యాసం ప్రచురించాడు. ఇక్న్యూమన్ కుటుంబపు కందిరీగ గూళ్లలో అది పరాన్నజీవిగా ఉన్న తీరు అందులో ఉంది.

ఇలాంటి రహస్యం ఎలా తెలుస్తుంది? ఓపికతో. పురుగును తెచ్చి పెంచాలి. చిలుక వస్తుందని చూస్తే చిలుక రాదు, ఒక గూడు మిగులుతుంది. ఆ గూటి ఆకారాన్ని బట్టి దాన్ని అల్లింది ఇక్న్యూమన్ అని తెలుస్తుంది. సరే, ఇక్న్యూమన్ వస్తుందని చూస్తే అదీ రాదు, ట్రైగొనాలిడ్ వస్తుంది. గూడు ఒకరిది, బయటికి వచ్చినవారు ఒకరు. ఈ రెండూ పొసగకపోవడమే లోపల ఏం జరిగిందో పట్టిచ్చిన ఆధారం. భ్రమరకీట న్యాయం చెప్పినవాళ్లు గూటిని బయటనుంచి చూశారు. వీళ్లు ప్రతి దశలోనూ గూటిని తెరిచి చూశారు.

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో గువానకాస్తే అనే అటవీ ప్రాంతం ఉంది. అక్కడ డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్ అనే దంపతులు స్థానిక గ్రామస్థులకు శిక్షణ ఇచ్చి 1978 నుంచి గొంగళిపురుగులను పెంచే పని చేపట్టారు. లక్షల పురుగులు పెంచారు. ప్రతి పురుగు ఎక్కడ, ఏ రోజు, ఏ మొక్క మీద దొరికిందో రాసుకున్నారు. ఆ పురుగులనుంచి వచ్చిన ట్రైగొనాలిడ్‌ల మీద 2012 లో ఒక వ్యాసం వెలువడింది. ఏ జాతి ఏ ప్రాణి ద్వారా వచ్చిందో అందులో పూర్తి వరస ఉంది.

పెద్ద ట్రైగొనాలిడ్‌లు ఎక్కువగా దొరికే ఇంకో సాధనం మలైస్ వల. దీని పుట్టుక మన పొరుగు దేశంలో. స్వీడన్ శాస్త్రవేత్త రెనే మలైస్ కీటకాల కోసం ఊళ్లు తిరుగుతూ గుడారాల్లో ఉండేవాడు. గుడారంలోకి వచ్చిన కీటకాలు వెనక్కి వెళ్లకుండా పైకి పాకి, పై మూలలో చేరడం గమనించాడు. ఆ మూలకు ఒక సీసా కడితే సరి అనుకున్నాడు. 1934 లో బర్మా యాత్రలో అలాంటి గుడారపు వలలు వేసి చూశాడు. ఇప్పుడు ప్రపంచమంతటా కీటక శాస్త్రవేత్తలు ఆయన పేరుతోనే ఈ వలను వాడుతున్నారు. మనిషి నిద్రపోతున్నా వల మేలుకునే ఉంటుంది కదా, అందుకే అరుదైనవి కూడా అందులో పడతాయి.

రైతుకు మిత్రమా, శత్రువా?

గొంగళిపురుగు పైరును తింటుంది, కనుక అది శత్రువు. ఇక్న్యూమన్ ఆ పురుగును చంపుతుంది, కనుక మిత్రం. ట్రైగొనాలిడ్ ఆ మిత్రాన్ని చంపుతుంది. అయితే ఇది శత్రువేనా?

లెక్క అంత తేలిక కాదు. ట్రైగొనాలిడ్‌లు చాలా తక్కువ కాబట్టి పైరు మీద వాటి ప్రభావం కనిపించేంత ఉండదు. అయినా ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఒక దేశంనుంచి ఇంకో దేశానికి మేలుచేసే కందిరీగలను తెచ్చేటప్పుడు ముందు వాటిని ప్రయోగశాలలో విడిగా ఉంచి కొన్ని తరాలు పెంచుతారు. వాటి లోపల ఏ అధిపరాన్నజీవీ దాగి రాలేదని తేల్చుకున్నాకే పొలంలో వదులుతారు. 2010 లో బొప్పాయి పిండినల్లిని అదుపు చేయడానికి మన దేశానికి చిన్న కందిరీగలను తెప్పించినప్పుడు బెంగళూరులోని జాతీయ సంస్థ ఇలాగే పరీక్షించి, పెంచి, తరవాత పంపిణీ చేసింది.

అడవి సంగతి వేరు. ఒక చోట ట్రైగొనాలిడ్ కనిపించిందంటే అక్కడ దానికి కావలసిన మొక్క ఉంది, మొక్కను తినే పురుగు ఉంది, పురుగును పట్టే పరాన్నజీవి ఉంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ట్రైగొనాలిడ్ ఉండదు. పురుగుమందు చల్లినా, మొక్కలు కొట్టేసినా ముందుగా మాయమయ్యేవి ఇలా గొలుసు చివర ఉన్న ప్రాణులే. అవి ముందునుంచీ ఎవరికీ కనిపించవు కనుక, పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

మీరు చేయగల పని

మీలో చాలామంది అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా ఊరు మారి ఉంటారు. ఒకే తరగతిలో జోర్హాట్ చూసినవాళ్లు, జైసల్మేర్ చూసినవాళ్లు, విశాఖపట్నం చూసినవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. ప్రకృతి పరిశీలనకు ఇది మంచి అవకాశం. ఒకే నోటుపుస్తకంలో నాలుగు రాష్ట్రాల పురుగులు ఉండడం అందరికీ కుదరదు.

కరివేపాకు మొక్క మీదో, నిమ్మచెట్టు మీదో ఆకుపచ్చని నున్నని గొంగళిపురుగులు చాలా ఊళ్లలో దొరుకుతాయి. ఒకదాన్ని ఆకుతో సహా వెడల్పాటి సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టండి. రోజూ అదే మొక్క ఆకులు తాజాగా వేయండి, సీసా శుభ్రం చేయండి. పురుగు తినడం మాని ప్యూపాగా మారాక కదిలించకండి. ఎక్కువసార్లు సీతాకోకచిలుక వస్తుంది. ఎప్పుడైనా దాని బదులు చిన్న చిన్న కందిరీగలు గుంపుగా బయటికి వస్తే నిరాశ పడకండి. అది ట్రైగొనాలిడ్ కాకపోవచ్చు, కానీ మీ కళ్ల ముందు రెండు మెట్ల కథ జరిగినట్టే.

నోటుపుస్తకంలో ప్రతి పురుగుకు ఇవి రాయండి: ఊరు, తేదీ, మొక్క పేరు, పురుగు రంగు, ప్యూపా అయిన రోజు, బయటికి ఏం వచ్చింది. ఊరు, తేదీ రాయడం మరిచిపోవద్దు. 1916 లో ఏర్పడిన మన భారత జంతు సర్వేక్షణ సంస్థ భద్రపరిచే నమూనాలకు కూడా చిన్న చీటీ మీద ఇవే ఉంటాయి. చీటీ లేని కీటకం ఎంత అరుదైనదైనా, అది ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పలేకపోతే దాని విలువ చాలావరకు పోతుంది. ఊరు మారినప్పుడు సామానుతో పాటు ఆ పుస్తకాన్నీ సర్దుకోండి. కొత్త ఊళ్లో కొత్త పేజీ మొదలుపెట్టండి.

జాగ్రత్తలు: బొచ్చు ఉన్న గొంగళిపురుగులను చేత్తో ముట్టవద్దు, దురద పుడుతుంది. కందిరీగల గూటి దగ్గరికి పోవద్దు. పొదల్లోకి వెళ్లేటప్పుడు పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి.

కొత్త మాటలు

పరాన్నజీవి: ఇంకో ప్రాణి మీద ఆధారపడి, దాన్నుంచి ఆహారం పొందే జీవి.
ఆతిథేయి: పరాన్నజీవికి ఆహారం, ఆశ్రయం అయ్యే ప్రాణి.
అధిపరాన్నజీవి: పరాన్నజీవి మీద బతికే పరాన్నజీవి.
లార్వా: గుడ్డులోంచి వచ్చిన కీటకపు పిల్ల దశ.
ప్యూపా: లార్వాకు, రెక్కల కీటకానికి మధ్య కదలకుండా ఉండే దశ.
స్పర్శశృంగాలు: కీటకం తల మీద ఉండే మీసాల వంటి అవయవాలు.

ఆలోచించి రాయండి

1. భ్రమరకీట న్యాయంలో పూర్వులు చూసినది ఏమిటి? చూడలేకపోయినది ఏమిటి?
2. పేనుకు, పరాన్నజీవి కందిరీగకు ఉన్న ముఖ్యమైన తేడా రాయండి.
3. గొంగళిపురుగు ట్రైగొనాలిడ్ గుడ్డును మింగింది, కానీ దాన్ని వేరే పరాన్నజీవి ఏదీ పట్టలేదు. అప్పుడు ట్రైగొనాలిడ్ లార్వా ఏమవుతుంది? గొంగళిపురుగు ఏమవుతుంది?
4. పాఠంలోని ఊహా లెక్కలో పది గుడ్లకు ఒకటి బదులు ఇరవై గుడ్లకు ఒకటే పురుగు నోట పడితే, చివరికి రెండు పిల్లలు మిగలడానికి తల్లి ఎన్ని గుడ్లు పెట్టాలి?
5. మీ బడి తోటలో ఆకు, ఆకును తినే ప్రాణి, దాన్ని తినే ప్రాణి ఉన్న ఒక గొలుసును గుర్తించి బొమ్మ గీయండి.